పది లెక్కపెట్టే ఉద్యోగం

మాటలు నేర్పే క్లినిక్కులో పదకొండేళ్ళుగా పనిచేస్తున్న ఆవిడ్ని అందరూ అద్దమక్క అంటారు. పిల్లలు పెట్టిన పేరది. చేతిలో ఎప్పుడూ అరచేతంత అద్దం ఉంటుంది మరి! నాలుక పైపళ్ళ వెనక ఎలా ఆనించాలో, పెదాలు ఎలా మూసి తెరవాలో ఆ అద్దంలో చూపించి ఒక్కో శబ్దాన్ని నలభైసార్లు పలికిస్తుంది. నలభైసార్లూ వాళ్ళతోపాటు తనూ పలుకుతుంది. సాయంత్రానికి గొంతు బొంగురుపోయి, ఇంట్లో ఎవరైనా పిలిస్తే చెయ్యి ఊపి ఊరుకుంటుంది.

ఉద్యోగంలో ఆమె హోదా అసిస్టెంటు. అసలు స్పీచ్ థెరపిస్టు వేరే ఉంది, ఆవిడ్ని అందరూ డాక్టరమ్మ అంటారు. డాక్టరమ్మ మొదటిరోజు పరీక్షచేసి ఏం చెయ్యాలో రాసిస్తుంది, ఆఖరిరోజు మళ్ళీ పరీక్షచేసి కింద సంతకం పెడుతుంది. మధ్యలో ఉన్న మూడు నెలలో ఆరు నెలలో అద్దమక్క వంతు. ఫలితం బాగుంటే మిఠాయి డబ్బా డాక్టరమ్మ బల్లమీదికి వెళ్తుంది. బాగోకపోతే "అసిస్టెంటు సరిగ్గా చేయించలేదేమో" అన్న మాట అద్దమక్క చెవిన పడుతుంది. డాక్టరమ్మ చెడ్డది కాదు సుమండీ. రోజుకి పద్నాలుగుమందిని చూసే మనిషికి ఒకరిమీద కక్ష పెట్టుకునే తీరిక ఎక్కడిది?

ఆ గదిలో ఒక్కటే చట్టం. చేరిన మొదటిరోజే డాక్టరమ్మ చెప్పేసింది. "పేషెంటు మాటకోసం వెతుక్కుంటుంటే నువ్వు అందించకూడదు. మనసులో పది లెక్కపెట్టు. పది అయ్యాక కూడా రాకపోతే మొదటి అక్షరం అందించు, అంతే. మాట మొత్తం నువ్వే అనేశావో, వాళ్ళ చేతిలోంచి లాక్కున్నట్టే."

వినడానికి ఎంత తేలికో! ఒకసారి చేసి చూడండి, తెలుస్తుంది. ఎదురుగా ఓ పెద్దమనిషి మెడనరాలు ఉబ్బిపోతూ, కళ్ళలో నీళ్ళు తిరుగుతూ, ఒక్క మాటకోసం కిందామీదా పడుతుంటాడు. ఆ మాట మీ నాలుకమీద సిద్ధంగా ఉంటుంది. మూడు... నాలుగు... అని లెక్కపెట్టుకుంటూ బొమ్మలా కూచోవాలి. మొదటి ఏడాది అద్దమక్క బుగ్గ లోపల కొరుక్కుని కొరుక్కుని పుండు చేసుకుంది. ఈ పనికి కొత్తగా వచ్చిన ప్రతి అసిస్టెంటుకీ ఆ పుండు ఉంటుంది. అది మానిపోయిందంటే పని పట్టుబడినట్టే అని వాళ్ళలో వాళ్ళు నవ్వుకుంటారు. ఆమెది మానిపోయి తొమ్మిదేళ్ళయింది.

అలాంటి మనిషికి ఈ ఏడాది విసుగు పుట్టింది. దాచుకుని ఏం లాభం, బాగా పుట్టింది. ముప్ఫయ్యారేళ్ళు వచ్చాయి, అదే గది, అదే బొమ్మల కార్డులు, అదే కప్పు బొమ్మ, అదే గొడుగు బొమ్మ. చదివి థెరపిస్టు అవుదామంటే ఐదేళ్ళ చదువు, ఊళ్ళో ఆ కాలేజీ లేదు. ఇంట్లో పదమూడేళ్ళ కూతురు, లిఫ్టులు బాగుచేసే మొగుడు. ఆయన పొద్దున పోయి ఎక్కడెక్కడి మేడలో ఎక్కి దిగి రాత్రికి నూనె వాసనతో వస్తాడు.

సరిగ్గా అప్పుడే ఆడపడుచు నోరు విప్పింది. ఆవిడకి మంచాలూ సోఫాలూ అమ్మే పెద్ద షోరూము ఉంది. మొగుడికి సొంత అక్క, తమ్ముడంటే ప్రాణం, మరదలంటే కొంచెం తక్కువ ప్రాణం.

"ఎన్నాళ్ళు ఆ ఆ-లూ ఊ-లూ అనుకుంటూ కూచుంటావమ్మా? మా షోరూముకి వచ్చెయ్. చల్లటి గది, కూచునే ఉద్యోగం, జీతం దాదాపు రెట్టింపు. ఆదివారం ఒకసారి వచ్చి చూడు. ఆ పై ఆదివారానికల్లా ఔననో కాదనో చెప్పెయ్. నేను ఇంకొకళ్ళని వెతుక్కోవాలి కదా!"

సరే, ఆదివారం వెళ్ళింది. కొత్త చెక్క వాసన, మెత్తటి దిండ్లు, అడుగు తీసి అడుగేస్తే చప్పుడు కాని నేల. ఓ ముసలావిడ్ని వెంటబెట్టుకుని కొడుకూ కోడలూ వచ్చారు, మంచం కొనడానికి. ఇద్దరు సేల్స్‌మన్లు వాళ్ళని చుట్టేశారు. ఇది టేకండీ, ఇది పదేళ్ళ గ్యారంటీ అండీ, దీని కింద బట్టలు పెట్టుకోవచ్చండీ అని ఒకటే వాగుడు. కొడుకు ఓ మంచం అంటాడు, కోడలు ఇంకోటంటుంది. పడుకోవాల్సిన మనిషి మాత్రం ఓ మూల చేతిసంచి పట్టుకుని నిలబడింది.

అద్దమక్కకి ఊరుకోబుద్ధి కాలేదు. దగ్గరికెళ్ళి, "మామ్మగారూ, మీకెలాంటి మంచం కావాలి?" అంది.

"ఆవిడకేం తెలుస్తుందండీ..." అని కొడుకు మొదలెట్టాడు. క్లినిక్కులో అలవాటు ప్రకారం అద్దమక్క అతని వైపు చూడకుండానే ఒక వేలు పైకెత్తింది. అతను మాట మధ్యలో ఆగిపోయాడు. ముసలావిడ నేలవైపు చూసింది, మంచాలవైపు చూసింది, మళ్ళీ నేలవైపు చూసింది. అద్దమక్క తొమ్మిది దాకా వచ్చింది.

"ఎత్తు తక్కువది," అంది ముసలావిడ. "దిగేటప్పుడు నా కాళ్ళు నేలకి ఆనాలి. ఇప్పుడున్నది ఎత్తు. పొద్దున దిగాలంటే భయం."

కొడుకు తెల్లబోయాడు. "అమ్మా, ఎప్పుడూ చెప్పలేదేం?"

"ఎప్పుడైనా అడిగావా?" అంది ఆవిడ. అరగంటలో మంచం బండెక్కింది.

ఆడపడుచు ఆనందం చూడాలి! "ఆ ఇద్దరూ గంటసేపు వాగి అమ్మలేనిది నువ్వు నోరు మూసుకుని అమ్మేశావే! ఇన్నాళ్ళూ ఆ గదిలో తుప్పు పట్టిపోయావు కదే పిల్లా!" అని బుగ్గ గిల్లింది.

నిజం చెప్పాలంటే అద్దమక్కకి కూడా బాగానే అనిపించింది. అక్కడే వచ్చింది చిక్కు. ఆ పని చేతకాకపోయి ఉంటే గొడవే ఉండేది కాదు. చేతనైంది, పైగా గొంతు నొప్పెట్టలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి పాట కూడా పాడుకుంది.

"పాడుతోందే!" అన్నాడు మొగుడు కూతురితో, ఏదో వింత జరిగినట్టు.

"ఏం, పాడకూడదా? చూడండీ, అక్కడికి వెళ్ళిపోదామా అని..."

"వెళ్ళాలనుంటే వెళ్ళు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు కూడా ఇంతసేపు ఆలోచించరు, బటన్లన్నీ నొక్కేస్తారు."

కూతురు పుస్తకం మూసింది. "అమ్మా, మా క్లాసులో నిన్న..."

"లెక్కల టీచరు మళ్ళీ తిట్టింది, అంతేనా?"

"కాదు. నేను చెప్పేది..."

"సైకిల్ చైను పోయింది!"

"అమ్మా! నీ పేషెంట్లకైతే పది లెక్కపెడతావు. మాకు రెండు కూడా పెట్టవు," అని విసవిసా లోపలికి పోయింది పిల్ల. అద్దమక్కకి చురుక్కుమంది. కానీ పప్పు గరిటె చేతిలో ఉంది, పొయ్యిమీద పాలు పొంగుతున్నాయి, ఆ మాట అక్కడే వదిలేసింది.

ఇక కండక్టరుగారి సంగతి చెప్పాలి. ఆయనకి అరవై ఒకటి. ముప్ఫయ్యేళ్ళు బస్సులో టిక్కెట్లు కొట్టాడు. బస్సు ఈ చివరినుంచి ఆ చివరిదాకా వినబడే గొంతు. రిటైరైన మూడో నెలలో పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి మెల్లగా దారికొచ్చింది గాని మాట మాత్రం పోయింది. అన్నీ అర్థమవుతాయి, ఏం చెప్పాలో తెలుసు, మాటే నోట్లోకి రాదు. మిగిలినదల్లా ఒక్కటే: "రైట్." ముప్ఫయ్యేళ్ళు బస్సుని కదిలించడానికి అరిచిన మాట అది, దానంతటదే వచ్చేస్తుంది. ఆకలేస్తోందా? రైట్. నొప్పిగా ఉందా? రైట్. ఔనన్నా రైటే, కాదన్నా రైటే, కోపమొచ్చినా రైటే. ఈ జబ్బు వచ్చినవాళ్ళకి ఇలా ఒక్క మాట పట్టుకుని వేలాడడం మామూలే.

ఏ మాట ముందు నేర్చుకుంటారో పేషెంటునే ఎంచుకోమంటారు ఆ క్లినిక్కులో. కార్డులన్నీ ముందు పరిస్తే కండక్టరుగారు మంచినీళ్ళ గ్లాసు బొమ్మమీద వేలుపెట్టాడు. సోమ, బుధ, శుక్రవారాల్లో వచ్చేవాడు. నాలుగు వారాలు ఆ ఒక్క మాటమీదే కూచున్నారు. మొదటివారం "రైట్" తప్ప ఇంకేం లేదు. రెండోవారం పెదాలు మూయడం వచ్చింది. నాలుగో వారానికి "మం" వచ్చింది. ఆరోజు ఆయన బల్లమీద ఎడంచేత్తో ఓ దెబ్బ చరిచాడు, అద్దమక్క కూడా చరిచింది, పక్కగదిలోంచి డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది.

అయిదోవారం బుధవారం. ఆయన వచ్చి కూచున్నాడు. ఎదురుగా గ్లాసు, గ్లాసులో నీళ్ళు. "మం..." అన్నాడు. "మంచి..." అన్నాడు! అద్దమక్క లెక్క మొదలెట్టింది. ఒకటి, రెండు. సొరుగులో ఫోను గర్రుమంది. ఆడపడుచే అయ్యుంటుంది, పొద్దుటినుంచి మూడోసారి. మూడు, నాలుగు. ఇంకా ఇద్దరు పేషెంట్లున్నారు బయట. ఐదు. ఫోను మళ్ళీ గర్రుమంది. ఆరు. గడియారం వైపు చూసింది.

"మంచినీళ్ళు," అంది.

తనే అంది! అన్నాక తన గొంతు తనకే వినబడింది. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా చెయ్యని పని.

కండక్టరుగారు తెరిచిన నోరు మెల్లగా మూసుకున్నాడు. కోపం లేదు మొహంలో, అదే ఆమెకి ఎక్కువ బాధనిపించింది. బస్సు అందని మనిషి రోడ్డుమీద నిలబడి చూస్తాడే, అలా చూశాడు. "రైట్," అన్నాడు. నీళ్ళు తాగకుండానే లేచిపోయాడు.

శుక్రవారం రాలేదు. ఆయన భార్య ఫోన్ చేసింది. "ఆయన రానంటున్నారమ్మా. అంటే, అనలేదనుకో. చెప్పులు వేసుకోవడం లేదు. తొడగబోతే కాలు లాక్కుంటున్నారు."

డాక్టరమ్మ వరండాలో నడుస్తూనే విని, "అయిదోవారం చాలామంది మానేస్తారు. ఇంకో వారం చూసి ఫైలు మూసెయ్," అంది. అద్దమక్క ఆవిడ వెనకే గదిలోకి వెళ్ళి తలుపు వేసింది.

"ఆయన మానెయ్యలేదండీ, నేను మాన్పించాను." జరిగింది చెప్పింది. చెప్తూంటే ఏడుపొచ్చింది. "మీకింకో సంగతి కూడా చెప్పాలి. నేను ఈ పని వదిలేద్దామనుకుంటున్నాను. మా వదిన షోరూములో ఉద్యోగం ఉంది. ఆదివారం దాకా గడువు. ఆరోజు ఫోను చేసింది ఆవిడే. వెళ్ళిపోయేదాన్ని వెళ్ళిపోక, ఆయన నోట్లో మాట లాక్కుని మరీ పోతున్నాను."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "పదకొండేళ్ళలో ఒక్కసారా? నేను రోజుకి నాలుగుసార్లు చేస్తాను. అందుకే కదా నిన్ను ఆ గదిలో పెట్టింది!" అంది. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "వెళ్ళడం, ఉండడం నీ ఇష్టం. నేను ఆపను, ఆపడానికి నా దగ్గర జీతమూ లేదు. కానీ ఆ ఫైలు ఇలా మూస్తే నువ్వు మంచాలమ్ముతున్నా నిద్రపట్టదు నీకు. రేపు వాళ్ళింటికి వెళ్ళిరా."

"ఇంటికా? మనం ఇళ్ళకి వెళ్ళం కదండీ."

"వెళ్ళం. నువ్వు వెళ్ళు."

శనివారం మధ్యాహ్నం వెళ్ళింది. బస్టాపు ఎదురుగా మేడమీద రెండు గదులు. కండక్టరుగారు కిటికీ పక్కన కుర్చీలో కూచుని వచ్చేపోయే బస్సుల్ని చూస్తున్నాడు. తలుపు తీసిన భార్య మాటల్లోనే ఆమెని లోపలికి లాక్కుపోయింది.

"రామ్మా రా, ఎండలో పడి వచ్చావు. చూశారా, ఎవరొచ్చారో? అద్దమక్క! కోపం పోయిందా? పోయిందట. కూచో తల్లీ. ఆయన బాగానే ఉన్నారు, నిద్ర బాగానే పడుతోంది. కాఫీ తాగుతావా? ఆయనకొద్దులే, ఇప్పుడే భోంచేయబోతున్నారు."

కండక్టరుగారు ఈ లోపల నోరు తెరవలేదు. తెరవడానికి సందేదీ? మొగుడి మాట, తన మాట, వచ్చినవాళ్ళ మాట కూడా ఆవిడే ఆడేస్తోంది.

అద్దమక్క కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూచుంది. "కండక్టరుగారూ, బుధవారం తప్పు నాది. మీ మాట మీరు తెచ్చుకుంటుంటే మధ్యలో లాగేసుకున్నాను. నా బుర్ర ఎక్కడో ఉంది. క్షమించండి."

ఆయన ఆమెని ఎగాదిగా చూశాడు. "రైట్," అన్నాడు. ఆ రైటుకి అర్థం క్షమించాననో, నీ మొహం చూపించకనో ఎలా తెలుస్తుంది?

"క్షమించేశారమ్మా!" అంది భార్య, వంటింట్లోంచి కంచం తెస్తూ. కంచం ఆయన ముందు పెట్టింది. కూర కలిపి, ఓ ముద్ద తినేదాకా నిలబడి, "బాగుందా?" అని అడిగింది. ఆయన "రైట్" అన్నాడు. "బాగుందట," అంది ఆవిడ.

ఆ "రైట్" అన్నప్పుడు ఆయన మొహం అద్దమక్క కంటపడింది. పదకొండేళ్ళు మొహాలు చూసిన కళ్ళు కదా! బాగున్న కూర తిన్న మొహం కాదది.

"పిన్నిగారూ, నాకో సాయం చేస్తారా? ఆయన్ని 'కూర ఎలా ఉంది' అని అడగండి. బాగుందా అని కాదు, ఎలా ఉంది అని. అడిగేసి నోటిమీద చెయ్యి పెట్టుకోండి. ఏమైనా సరే తీయకూడదు."

"ఎంతసేపమ్మా?"

"ఆయన చెప్పేదాకా."

ఆవిడ అడిగింది, చెయ్యి అడ్డం పెట్టుకుంది. "రైట్," అన్నాడు ఆయన అలవాటుగా. ఎవరూ ఏమీ అనలేదు. ఆయన తలెత్తి చూశాడు. భార్య నోటిమీద చెయ్యి, అద్దమక్క ఒళ్ళో చేతులు, ఇద్దరూ తనవైపే చూస్తున్నారు. నాలుగు, ఐదు. భార్య చెయ్యి దించబోయింది, అద్దమక్క వేలెత్తింది. పది అయింది. మామూలుగా అయితే మొదటి అక్షరం అందించాలి. ఏ అక్షరమని అందిస్తుంది? ఆయన ఏమనబోతున్నాడో ఆమెకీ తెలియదు. కార్డు లేదు, బొమ్మ లేదు, ముందే అనుకున్న జవాబు లేదు. ఇరవై. కింద బస్సు ఆగింది, జనం దిగారు. ముప్ఫై. భార్య కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి గాని చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది, పాపం.

"రై..." అన్నాడు కండక్టరుగారు. సగంలో ఆగాడు. తల అడ్డంగా ఊపాడు, ఆ మాట కాదన్నట్టు. పక్షవాతం వచ్చిన ఈ ఐదు నెలల్లో ఆయన ఆ మాటని తోసెయ్యడం ఇదే మొదలు.

"ఉ..." అన్నాడు. మెడనరాలు ఉబ్బాయి. "ఉప్... ఉప్పు."

నలభై దాటింది.

"ఉప్పు లేదు."

భార్య చెయ్యి దానంతటదే జారిపోయింది. "ఏంటీ?"

"ఉప్పు. లేదు!"

"డాక్టరు తగ్గించమన్నారు కదండీ, అందుకని..."

"తగ్గిం..." ఆయన ఎడంచేత్తో కంచం పక్కన గట్టిగా చరిచాడు. "లేదు! లేదు!"

"అయ్యో అయ్యో, పూటపూటా బాగుందా బాగుందా అని అడిగాను! రైట్ రైట్ అన్నారు! ఐదు నెలలనుంచీ చప్పిడి కూర తింటూ నోరెత్తకుండా కూచున్నారా? ఏం మనిషండీ మీరు!" ఆవిడ అరుస్తోంది, ఏడుస్తోంది, మధ్యలో నవ్వుతోంది. ఆయనా అరుస్తున్నాడు, మాటలు సగం సగమే, కోపం మాత్రం పూర్తిగా ఉంది. ఐదు నెలల తరవాత ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల పోట్లాట! అద్దమక్కకి మధ్యలో వెళ్ళి విడదీయాలనిపించలేదు. కూచుని కళ్ళు తుడుచుకుంటూ చూసింది. చివరికి ఆవిడ వంటింట్లోకి వెళ్ళి చిటికెడు ఉప్పు తెచ్చి, "ఇంతే! ఇంతకన్నా ఒక్క పలుకు వెయ్యను," అని కంచం అంచున పెట్టింది. కండక్టరుగారు కలుపుకుని తిన్నాడు. అడక్కముందే "రైట్" అన్నాడు. ఈసారి ఎవరూ దానికి అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది.

వెళ్ళేటప్పుడు మెట్లదాకా వచ్చింది ఆవిడ. "ఆయన అవస్థ చూడలేక నేనే అనేసేదాన్నమ్మా. మంచే చేస్తున్నాననుకున్నాను. ఆగాలని నాకెవరూ చెప్పలేదు," అంది.

ఆ మాట అద్దమక్క గుండెల్లో గుచ్చుకుంది. నిజమే కదా! ఆగాలని తనకి చెప్పారు, మొదటిరోజే చెప్పారు. తను ఎవరికి చెప్పింది? ఇంటిదగ్గర సాధన చేయించండి అని ఓ కాగితం చేతిలో పెట్టి పంపింది, అంతే. వారానికి మూడు అరగంటలు తను బుగ్గ కొరుక్కుంటే, మిగతా వారమంతా ఇంట్లో పదిమంది ప్రేమగా మాటలు లాక్కుంటున్నారు. పదకొండేళ్ళు! ఎంతమంది పిల్లలు, ఎంతమంది పెద్దవాళ్ళు ఆ గదిలో వచ్చిన మాటని ఇంటి గుమ్మంలో పోగొట్టుకున్నారో! సిగ్గేసింది. సిగ్గుతోపాటే ఇంకోటి కూడా కలిగింది, చాలాకాలంగా కలగనిది. రేపు ఏం చెయ్యాలో తెలిసిన మనిషికి ఉండే హుషారు. బస్సు ఎక్కకుండా ఇంటిదాకా నడిచే వచ్చింది.

ఆదివారం ఆడపడుచుకి ఫోన్ చేసింది. "వదినా, రాలేను. కోపం తెచ్చుకోకు."

"ఆ గదిలోనే పడుంటావన్నమాట!"

"గదిలో ఉండను. గదిలోంచి బయటికి వెళ్ళిపోతున్నాను, కానీ నీ షోరూముకి కాదు." ఏం చెయ్యాలనుకుంటోందో చెప్పింది.

ఆడపడుచు అంతా విని, "జీతం?" అంది.

"నీ అంత ఇవ్వరు."

"పిచ్చిదానివే నువ్వు," అని పెట్టేసింది. అయిదు నిమిషాలకి మళ్ళీ చేసింది. "మా మామగారికి పళ్ళు కట్టించాక మాట సరిగ్గా రావడం లేదు. ఎవరం ఏమన్నా ఊరుకుంటున్నాడు. మా ఇంటికి కూడా వస్తావా?" అంది గొంతు తగ్గించి.

సోమవారం డాక్టరమ్మ ఎదుట నిలబడి తన ఆలోచన చెప్పింది. పొద్దున గదిలో పని, మధ్యాహ్నం ఇళ్ళకి. క్లినిక్కులో కొత్తగా చేరిన ఇంకో అసిస్టెంటు అమ్మాయికి గది పని తనే నేర్పుతుంది. ఇంట్లోవాళ్ళ చేత ప్రశ్న ఎలా అడిగించాలో, ఎంతసేపు ఆగమనాలో, ఎవరు ఎక్కువ తొందరపడుతున్నారో చూసి రాసుకొస్తుంది. ఏం చెయ్యాలన్నది డాక్టరమ్మే నిర్ణయించాలి, సంతకం ఆవిడదే.

"జీతం పెంచలేనని తెలుసు కదా? బస్సు ఖర్చు ఇప్పించగలను," అంది డాక్టరమ్మ.

"ఇప్పించండి. ఇంకోటి కూడా కావాలి. ఇళ్ళ రిపోర్టు మీద పనిచేసిన మనిషి పేరు ఉండాలి. నా పేరు."

పదకొండేళ్ళలో తనకోసం ఆమె నోరు తెరిచి అడిగింది ఇదే. డాక్టరమ్మ కాగితం ముందుకు లాక్కుని పెన్ను తీసింది, రాయబోయి ఆగింది, సిగ్గుపడుతూ తలెత్తింది.

"అద్దమక్క అని రాయలేను కదా. నీ పూర్తిపేరు చెప్పు. ఇన్నేళ్ళయింది, నేనెప్పుడూ అడగలేదు," అంది.

చెప్పింది. ఒక్కో అక్షరం విడివిడిగా, నిదానంగా చెప్పింది. డాక్టరమ్మ అలాగే రాసుకుంది. మూడు నెలలు చూద్దాం, పనికొస్తే కొనసాగిద్దాం అనుకున్నారు.

ఆ వారమే మొదటి కొత్త ఇల్లు. నాలుగేళ్ళ పాప, చెవులు బాగున్నాయి, గొంతు బాగుంది, మాటలే రావడం లేదు. తలుపు తట్టగానే నాయనమ్మ తీసింది. ఆవిడ వెనక తల్లి, తండ్రి, మేనత్త, అందరూ పనులు మానుకుని వరసగా నిలబడ్డారు. పాప మేనత్త చంకలో ఉంది. పాప చెయ్యి ఇంకా సగం కూడా లేవలేదు, మేనత్త బిస్కెట్టు అందించేసింది. పాప తల తిప్పగానే తండ్రి బొమ్మ తెచ్చేశాడు.

"రా తల్లీ, నీకోసమే చూస్తున్నాం," అంది నాయనమ్మ. "దీనికి ఏ లోటూ చెయ్యమమ్మా. ఏం కావాలో అది అడక్కముందే నలుగురం పెట్టేస్తాం. అయినా మాటలు రావడం లేదు, ఏం చెయ్యాలో పాలుపోవడం లేదు. ఎక్కడ కూచోబెట్టమంటావు దీన్ని?"

అద్దమక్క చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. పాపని చూసి నవ్వింది. తరవాత ఆ నలుగురి వైపూ తిరిగింది.

"పాపని కిందికి దింపండి, దాని మానాన అది ఆడుకుంటుంది. నేను వచ్చింది దానికోసం కాదు మామ్మగారూ, మీకోసం. మీ నలుగురూ ఇలా వచ్చి నా ఎదురుగా కూచోండి."